పెద్దవయసులో పార్కిన్సన్స్ ముప్పు తగ్గేలా తినడం ఎలా: చిట్టా నుంచి ప్లేటు దాకా

మా మామయ్యకు చెయ్యి వణకడం మొదలవడానికి చాలా ఏళ్ల ముందే ముక్కు పని చేయడం మానేసింది. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కగదిలో పేపరు చదువుకుంటున్న ఆయన తల కూడా ఎత్తలేదు. "నాకేం వాసన రాలేదే" అన్నారు. జలుబు అనుకున్నాం. మలబద్ధకం అప్పటికే ఎన్నో ఏళ్లుగా ఉంది, అది వయసు అనుకున్నాం. తర్వాతెప్పుడో డాక్టరు పార్కిన్సన్స్ అని చెప్పాక చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకే మాట అడిగారు: "ఇప్పుడు ఏం పెట్టాలి?" ఆ మాట ఎవరైనా పదేళ్ల ముందు అడిగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అరవై దాటినవాళ్లు, దాటబోతున్నవాళ్లు, వాళ్లకు వండిపెట్టేవాళ్లు ఇప్పుడే అడగాలని ఇది రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి కాస్త తెలియాలి. మెదడు లోపల సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న చోట డోపమైన్ తయారుచేసే కణాలుంటాయి. మన కదలికలు సాఫీగా సాగేది ఆ డోపమైన్ వల్లే. ఆ కణాలు మెల్లగా చచ్చిపోతూ వస్తే వణుకు, ఒళ్లు బిగుసుకోవడం, కదలికల్లో నెమ్మది వస్తాయి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని మొదటిసారి వివరంగా రాశారు కాబట్టి ఆయన పేరే స్థిరపడింది. మనం వణుకుడు జబ్బు అనేది దీన్నే. బాధపెట్టే విషయం ఏంటంటే, చెయ్యి వణకడం బయటికి కనిపించే నాటికే ఆ కణాల్లో చాలా భాగం పోయి ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019 నాటికి 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. అరవై దాటినవాళ్లలో సుమారు నూటికి ఒకరికి ఉంటుంది. ఆడవాళ్ల కన్నా మగవాళ్లలో ఎక్కువ.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. తిండి మార్చుకుంటే ఈ జబ్బు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వయసు, జన్యువులు, కొన్ని పురుగుమందులు, తలకు తగిలిన దెబ్బలు ఇవన్నీ అందులో ఉన్నాయి. తిండి మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు, మనుషులు ఏం తింటున్నారో రాసుకుని ఏళ్ల తరబడి గమనించినవి. పైగా వాసన తెలియనివాళ్ల తిండి జబ్బు బయటపడకముందే మారిపోతుంది. అందుకని ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయడం కష్టం. అయినా సరే ఈ మార్పులు చేయమని గట్టిగానే చెబుతాను. ఎందుకంటే ఇదే తిండి గుండెకూ పేగులకూ కూడా మేలు చేస్తుంది, షుగరును అదుపులో ఉంచుతుంది. టైప్ 2 షుగరు ఉన్నవాళ్లలో పార్కిన్సన్స్ కొంత ఎక్కువగా వస్తుందని కూడా తేలింది. కాబట్టి ఈ శ్రమ ఎటు చూసినా వృథా పోదు.

మొదటి పని: వారం రోజుల చిట్టా

ఒక నోటుపుస్తకం తీసుకోండి. వారం పాటు ఏమీ మార్చకుండా, తిన్నది తిన్నట్టు రాయండి. ఉదయం లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రాయాలి, మధ్యలో నమిలిన రెండు బిస్కెట్లతో సహా. పక్కన ఇంకో రెండు గడులు గీసుకోండి: ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు, ఆరోజు విరేచనం అయిందా లేదా.

పెద్దవాళ్ల దగ్గర ఈ చిట్టా తెరిస్తే చాలాసార్లు ఒక విషయం బయటపడుతుంది. ఎక్కువ తినడం సమస్య కానే కాదు. తిన్నదే తినడం, మెత్తగా ఉన్నదే తినడం, మధ్యాహ్నం తర్వాత నీళ్లు మానేయడం సమస్య. ఇది కళ్లారా చూడకుండా మార్పులు మొదలుపెడితే అక్కర్లేని చోట మారుస్తారు. వారం అయ్యాక చదివి, అన్నిటికన్నా ఖాళీగా ఉన్నదేదో గుర్తుపట్టి దాంతోనే మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి మార్చేసిన పెద్దవాళ్లు పదిహేను రోజుల్లో పాత పద్ధతికి వెళ్లిపోవడం నేను చూశాను.

రెండో పని: ప్లేటులో సగం కూరగాయలకు ఇవ్వడం

రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తూకం వేయక్కర్లేదు. భోజనం ప్లేటులో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉంటే, రోజులో రెండు పండ్లు పడితే ఆ లెక్కకు చేరిపోతారు.

ఆకుకూరలకు ప్రత్యేకంగా చోటు ఇవ్వమని చెప్పడానికి కారణం ఉంది. 2015లో షికాగోలోని రష్ యూనివర్సిటీలో మార్తా క్లేర్ మోరిస్ బృందం మెదడు కోసమని ఒక ఆహార పద్ధతిని రూపొందించింది. దాని పేరు మైండ్ డైట్. అల్జీమర్స్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన పద్ధతి అది. అందులో ఆకుకూరలు వారానికి ఆరుసార్లు, నట్స్ ఐదుసార్లు, చిక్కుడు జాతి గింజలు మూడు నాలుగుసార్లు, బెర్రీ పండ్లు రెండుసార్లు, చేప ఒకసారైనా ఉండాలి. పొట్టు తీయని ధాన్యాలు రోజూ మూడు పూటలా, వంటకు ఆలివ్ నూనె. వెన్న, చీజ్, ఎర్రమాంసం, వేపుళ్లు, తీపి పదార్థాలు తగ్గించాలి.

2021లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు పార్కిన్సన్స్ వచ్చిన 167 మంది తిండి అలవాట్లు చూశారు. తిండి మైండ్ డైట్‌కు బాగా దగ్గరగా ఉన్న ఆడవాళ్లలో జబ్బు మొదలైన వయసు, అసలు దగ్గరగా లేనివాళ్లతో పోలిస్తే 17 ఏళ్ల దాకా ఆలస్యంగా ఉంది. మగవాళ్లలో మెడిటరేనియన్ పద్ధతికి, అంటే మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల తిండికి, దగ్గరగా తిన్నవాళ్లకు ఆ తేడా 8 ఏళ్ల దాకా ఉంది. ఇది చిన్న అధ్యయనం. ఆ ఏళ్లను ఎవరూ తమ లెక్కలో వేసుకోకూడదు. కానీ దారి ఎటు ఉందో చూపిస్తుంది.

ఇక వంటింట్లో అసలు ఇబ్బంది పళ్లతో వస్తుంది. కట్టుడు పళ్లు ఉన్నవాళ్ల ముందు పచ్చి క్యారెట్ ముక్కలు పెడితే పక్కకు నెట్టేస్తారు, అది మొండితనం కాదు. క్యారెట్‌ను తురమండి, లేదా వేలితో నొక్కితే నలిగేంత మెత్తగా ఆవిరి మీద ఉడికించండి. ఆకుకూరను కాడలు తీసేసి సన్నగా తరిగి పప్పులోనో సూపులోనో కలపండి. యాపిల్‌ను పలుచని చీలికలుగా కోసి ఇవ్వండి. పండు పండుగా బుట్టలో పెడితే వారమైనా అలాగే ఉంటుంది, కోసి గిన్నెలో వేసి చేతికందేలా పెడితే అరగంటలో ఖాళీ అవుతుంది. వాసన తగ్గినవాళ్లకు అన్నీ చప్పగా అనిపించి ఉప్పు పెంచేస్తారు. రోజుకు మొత్తం 5 గ్రాములు, అంటే ఒక చెంచా లోపు ఉప్పు దాటకూడదు. బదులు నిమ్మరసం పిండండి, మిరియాల పొడి చల్లండి, రంగురంగులుగా వడ్డించండి. ముక్కు చేయని పనిని కన్నూ నాలుకా కొంత చేస్తాయి.

కూరగాయలను, పండ్లను పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగాలి. పారాక్వాట్, రోటెనోన్ వంటి పురుగుమందులకు పార్కిన్సన్స్‌తో సంబంధం ఉందని పొలాల్లో పనిచేసినవాళ్ల మీద జరిగిన అధ్యయనాలు చూపించాయి. కడిగితే అంతా పోతుందని కాదు, కొంత తగ్గుతుంది. ఆ భయంతో కూరగాయలు మానేస్తే మాత్రం నష్టమే.

ఒక జాగ్రత్త. వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబడే మందు వాడుతుంటే ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకండి, వాటిలోని విటమిన్ కె ఆ మందుకు అడ్డుపడుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పండ్లు, ఆకుకూరలు ఎంత తినాలో డాక్టరునే అడగాలి.

మూడో పని: ప్యాకెట్లను ఒక్కొక్కటిగా తప్పించడం

2025లో 'న్యూరాలజీ' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో దాదాపు 43 వేల మందిని 26 ఏళ్ల దాకా గమనించారు. బాగా ప్రాసెస్ చేసిన తిండి రోజుకు 11 సార్లు, అంతకు మించి తీసుకున్నవాళ్లలో పార్కిన్సన్స్ తొలి సంకేతాలు మూడు అంతకన్నా ఎక్కువ కనిపించే అవకాశం, మూడుసార్ల లోపు తీసుకున్నవాళ్ల కన్నా రెండున్నర రెట్లు ఉంది. గమనించండి, అవి సంకేతాలే, జబ్బు కాదు. 11 సార్లంటే మరీ ఎక్కువ అనిపిస్తుంది గానీ అందులో ఒక కూల్‌డ్రింక్ ఒకటి, ప్యాకెట్ కేకు ముక్క ఒకటి, చెంచాడు కెచప్ కూడా ఒకటే లెక్క.

మీ చిట్టాలో ప్యాకెట్ నుంచి వచ్చినవాటి కింద గీత గీయండి. వాటిలో రోజూ కనిపించేది ఒకటి పట్టుకోండి. సాయంత్రం బిస్కెట్లే అనుకుందాం. బిస్కెట్ డబ్బా ఉన్నచోటే, అదే డబ్బాలో, గుప్పెడు వాల్‌నట్లు లేదా బాదం పెట్టండి. నమలలేకపోతే పొడి చేసి పెరుగులోనో జావలోనో కలపండి. చెయ్యి అలవాటుగా ఆ డబ్బా దగ్గరికే వెళుతుంది, కాబట్టి డబ్బా మార్చకుండా లోపలిది మార్చడం తేలిక. రెండు వారాలు గడిచాక ఇంకో ప్యాకెట్ సంగతి చూడండి.

నాలుగో పని: పేగుల్ని దారిలో పెట్టడం

దీనికి ఎక్కువ సమయం ఇవ్వమని అడుగుతున్నాను, ఎందుకంటే పార్కిన్సన్స్ విషయంలో పేగులు పక్కకు పెట్టే సంగతి కాదు. ఈ జబ్బు ఉన్నవాళ్ల మెదడు కణాల్లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముద్దలు కడుతుంది. 2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్ ఒక ఆలోచన ముందు పెట్టారు: ఈ గొడవ కొందరిలో పేగుల నాడుల్లోనో, ముక్కులో వాసన పట్టే చోటనో మొదలై మెదడుకు పాకుతుందేమో, పేగుల నుంచైతే వాటిని మెదడుతో కలిపే వేగస్ అనే నాడి వెంట వెళుతుందేమో అని. అందరిలోనూ అలాగే జరుగుతుందా అన్న వాదన ఇంకా నడుస్తోంది. కానీ అమెరికాలోని హవాయి దీవుల్లో ఉన్న హొనొలులులో వేలమంది మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఒక్కసారి కూడా విరేచనం కానివాళ్లలో పార్కిన్సన్స్, రోజుకు ఒకసారి అయ్యేవాళ్ల కన్నా రెండున్నర రెట్లకు పైగా కనిపించింది. మలబద్ధకం జబ్బుకు కారణమా, లేక అప్పటికే మొదలైన జబ్బుకు గుర్తా అంటే, గుర్తు కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. మలబద్ధకం ఉన్న ప్రతివాళ్లకూ ఈ జబ్బు వస్తుందని టెన్షన్ పడకండి, చాలామందికి రాదు. అలాగని పొట్టను నిర్లక్ష్యం చేయడానికీ లేదు.

రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు లక్ష్యంగా పెట్టుకోండి. ఒక్కరోజులో అక్కడికి దూకకూడదు. దూకితే కడుపు ఉబ్బి, గ్యాసు పట్టి, "నాకు ఇవి పడవు" అని మొత్తానికే మానేస్తారు. మొదటి వారం తెల్లటి బ్రెడ్డు, పాలిష్ పట్టిన ధాన్యం ఉన్న ఒక పూట మాత్రం పొట్టు ఉన్న ధాన్యానికి మారండి. రెండో వారం రోజూ ఒక గిన్నె పప్పో, ఉడికించిన చిక్కుడు గింజలో చేర్చండి. గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే ఉబ్బరం తగ్గుతుంది. మూడో వారం పండు తొక్కతో తినగలిగితే తొక్కతోనే. పీచు పెంచుతూ నీళ్లు పెంచకపోతే ఉన్న మలబద్ధకం ఇంకా గట్టిపడుతుంది.

పెద్దవాళ్లకు దాహం తెలియడం తగ్గుతుంది, అందుకని దాహం వేసినప్పుడు తాగుదాం అంటే కుదరదు. ఉదయమే ఒక సీసా నింపి ఎదురుగా పెట్టుకుని, మధ్యాహ్నం భోజనానికి ముందు అది ఖాళీ చేసి, మళ్లీ నింపి సాయంత్రంలోపు ముగించండి. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసేవాళ్లకు ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉంటే నీళ్ల కొలత డాక్టరు చెప్పినట్టే. పొద్దున ఏదైనా తిని, వెచ్చగా ఏదైనా తాగిన తర్వాత పేగులు సహజంగా కదులుతాయి కాబట్టి, ఆ సమయంలో తొందర లేకుండా పది నిమిషాలు టాయిలెట్‌కు కేటాయించండి. రోజూ నడవండి. వ్యాయామం చేసేవాళ్లలో పార్కిన్సన్స్ తక్కువగా వస్తుందన్నది చాలా అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ కనిపించిన విషయం, పేగులకూ అది మంచిదే.

ఐదో పని: పాలు, కాఫీ సంగతి తేల్చుకోవడం

అందరూ అడిగేవి ఈ రెండే. 2017లో అమెరికాలో దాదాపు 1,29,000 మందిని పాతికేళ్లు గమనించిన అధ్యయనం ఒకటి వచ్చింది. వెన్న తీసిన పాల పదార్థాలు రోజుకు కనీసం మూడుసార్లు తీసుకున్నవాళ్లలో, ఒకసారి లోపు తీసుకున్నవాళ్ల కన్నా ముప్పు 34 శాతం ఎక్కువ. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ అసలు అంకెలు చూడండి: మొదటి గుంపులో జబ్బు వచ్చింది సుమారు 1 శాతం మందికి, రెండో గుంపులో 0.6 శాతం మందికి. పెద్దవయసులో ఎముకలకు, కండకు పాలు, పెరుగు అవసరం. నా సలహా, మానకండి. రోజంతా పాల మీదే గడిపేస్తుంటే మాత్రం ఒకటి రెండుసార్లకు తగ్గించి, ఆ లోటు పప్పు, గుడ్డు, చేపతో నింపండి.

కాఫీ మాటకొస్తే, తాగేవాళ్లలో పార్కిన్సన్స్ తక్కువగా ఉందని 2000లో హొనొలులు అధ్యయనం మొదలుకుని చాలా చోట్ల కనిపించింది. ఇప్పటికే తాగుతుంటే, నిద్ర చెడనంత వరకు, పొద్దున ఒకటి రెండు కప్పులు నిశ్చింతగా తాగండి. అలవాటు లేనివాళ్లు దీనికోసం మొదలుపెట్టక్కర్లేదు.

ఆరో పని: మాత్రల డబ్బు పండ్లకు పెట్టడం

ఇది త్వరగా చెప్పేస్తాను. జబ్బు వచ్చినవాళ్లకు ఎక్కువ మోతాదులో విటమిన్ ఇ ఇచ్చి చూశారు, 1993లో ఫలితం వచ్చింది: ఉపయోగం లేదు. 2014లో కోఎంజైమ్ క్యూ10 అనే సప్లిమెంట్ మీద కూడా అదే తేలింది. మెదడుకు మంచిదని అమ్మే సీసాలు కొనకండి. బి12 మాత్రం రక్తపరీక్షలో తక్కువని తేలితే డాక్టరు చెప్పిన మోతాదులో తీసుకోవాలి. మాంసాహారం తిననివాళ్లు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఏడో పని: బరువు పడిపోకుండా చూసుకోవడం

మంచి తిండి పేరుతో పెద్దవాళ్లు చిక్కిపోకూడదు. అరవై ఐదు దాటినవాళ్లకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 72 గ్రాములు. ఒకే పూట కాకుండా మూడు పూటలకూ పంచండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. నెలకోసారి అదే తూకం యంత్రం మీద, అదే సమయానికి బరువు చూసి నోటుపుస్తకంలో రాయండి. ప్రయత్నించకుండానే బరువు తగ్గుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒంటరిగా తినేవాళ్లు తక్కువ తింటారు, వీలైతే ఒక పూటైనా పక్కన కూర్చుని తినండి.

ఇంట్లో ఇప్పటికే మందు వాడేవాళ్లుంటే

పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా అనే మందు వాడేవాళ్లకు కొన్ని సంగతులు వేరు. తిండిలోని ప్రోటీన్, ఈ మందు రెండూ పేగుల నుంచి రక్తంలోకి ఒకే దారిన వెళతాయి, ఒకదానికొకటి అడ్డుపడతాయి. అందుకే మందును సాధారణంగా భోజనానికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోమంటారు. వేసుకున్నా పని చేయడం లేదనిపిస్తే, ఏ పూట ఏం తిన్నారో, ఎన్నింటికి మందు వేశారో, ఎన్నింటికి కదలిక తేలికైందో మూడు రోజులు రాసి డాక్టరుకు చూపించండి. సొంతంగా ప్రోటీన్ మానేయకండి. దూలగొండి గింజల పొడి లాంటివి సహజం కదా అని మొదలుపెట్టకండి. వాటిలో ఉండేది కూడా లెవోడోపానే, మందు మోతాదు తెలియకుండానే పెరిగిపోతుంది. మింగేటప్పుడు పొలమారుతుంటే వాయిదా వేయకుండా చెప్పాలి.

చివరి పని: డాక్టరుకు ఏం చెప్పాలో సిద్ధం చేసుకోవడం

ఏడాదికోసారి ఆరోగ్య పరీక్షలకు వెళ్లేముందు ఇంట్లో ఇది చేయండి. కళ్లు మూసుకోమని చెప్పి సబ్బు, కాఫీ పొడి, నారింజ తొక్క ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టి పేరు అడగండి. జలుబు లేకుండానే ఒక్కటీ పట్టలేకపోతే రాసుకోండి. రెండేళ్ల కిందటి కాగితం తీసి ఇప్పటి చేతిరాతతో పోల్చండి, అక్షరాలు చిన్నవై పోతున్నాయా అని. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగడం తగ్గిందేమో వెనక నుంచి చూడండి. వీటిలో దేన్నీ జబ్బు ఉన్నట్టు నిర్ధారణగా తీసుకోకూడదు, ఆ మాట చెప్పాల్సింది న్యూరాలజిస్టే. వారం చిట్టా, బరువుల లెక్క, విరేచనం గడి ఉన్న ఆ నోటుపుస్తకాన్ని వెంట తీసుకెళ్లండి.

పక్కన పడుకునే మనిషిని కూడా తప్పకుండా వెంట తీసుకెళ్లండి. నిద్రలో కలకు తగ్గట్టు అరవడం, చేతులు విసరడం, తన్నడం ఈ జబ్బుకు చాలా ఏళ్ల ముందే కనిపించే సంకేతాల్లో ఒకటి, కానీ ఆ నిద్రపోయే మనిషికి అది తెలియదు. మామయ్య రాత్రుళ్లు అలా ఉలిక్కిపడి చేతులు విసిరేవారని అత్తయ్యకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. ఆసుపత్రికి మాత్రం ప్రతిసారీ ఆయన ఒక్కరే వెళ్లి వచ్చేవారు.